ఇంజన్ విప్పే ముందు కొలిచేవాడే మీ మెకానిక్

ప్రశ్న: మాది తిరుపతి. పాకాల దగ్గర హైస్కూల్లో టీచర్‌గా చేస్తున్నాను. 2015 మోడల్ చిన్న పెట్రోల్ కారు ఉంది, మూడు సిలిండర్లది. 92 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ చంద్రగిరి మీదుగా స్కూలుకు అందులోనే వెళ్లొస్తాను. పోయిన నెల మా ఆడపడుచు వాళ్లొస్తే అందరం కలిసి కొండకు బయల్దేరాం. ఘాట్ రోడ్డు సగం ఎక్కాక టెంపరేచర్ ఎర్ర లైటు వెలిగింది. ఏసీ ఆపేసి, ఆగి ఆగి ఎలాగో పైకి చేరాం. అప్పటి నుంచి పొద్దున స్టార్ట్ చేయగానే బండి కాసేపు వణుకుతోంది. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తోంది. చెక్ ఇంజన్ లైటు ఆరడం లేదు. వారానికోసారి కూలెంట్ పోయాల్సి వస్తోంది, కింద మాత్రం చుక్క కారడం లేదు.

ముగ్గురికి చూపించాం. మా మామగారికి ఎన్నో ఏళ్లుగా తెలిసిన షెడ్డు మేస్త్రీ స్టార్ట్ చేసి శబ్దం విని, "ఇంజన్ పని చేయాల, 65 వేలవుతుంది" అన్నాడు. కంపెనీ సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి చూసి హాఫ్ ఇంజన్ (హెడ్ కింద ఉండే ఇంజన్ భాగం) మార్చాలన్నారు, లక్షా 10 వేలు. ఇంకో షెడ్డులో కుర్రాడు "హెడ్ గ్యాస్కెట్టే మేడమ్, 14 వేలు ఇవ్వండి, రెండు రోజుల్లో ఇచ్చేస్తా" అన్నాడు. మామగారి మాట తీసేయలేం. మావారికి బండ్ల గురించి తెలియదు. ప్రశ్న నేనడిగితే మెకానిక్కులు జవాబు ఆయనకు చెబుతారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ ముగ్గురిలో ఎవరిని నమ్మాలి?

సమాధానం: టీచర్ గారూ, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ బండిలో పాకాలకు వెళ్లడం ఇవాళ్టితో ఆపేయండి. బస్సులున్నాయి, రైలు కూడా ఉంది. స్కూలు టైముకు అవి కుదరడం కష్టమని తెలుసు, అయినా కొన్నాళ్లు ఓర్చుకోండి. కింద చుక్క కారకుండా కూలెంట్ తగ్గుతోందంటే అది ఇంజన్ లోపలికే పోతోందని అనుమానించాలి. మీ కారు సిలిండర్ హెడ్, అంటే ఇంజన్ పై భాగం, అల్యూమినియంది. బాగా కాగితే వంగుతుంది, మళ్లీ మళ్లీ కాగితే పగుళ్లు కూడా రావచ్చు. ఇప్పుడు చిన్న ఖర్చుతో పోయే పని, ఇలాగే నడిపితే నిజంగానే 65 వేల పని అయి కూర్చుంటుంది. షెడ్డుకు కూడా టోయింగ్ బండి మీదే పంపండి. ఇన్సూరెన్స్ కాగితాలు ఒకసారి తీసి చూడండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే కొంత దూరం వరకు టోయింగ్ అందులోనే రావచ్చు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత జోలికి ఇంట్లో ఎవరినీ పోనివ్వకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న వేడినీళ్లు ఒక్కసారిగా మొహం మీదికి చిమ్ముతాయి.

ఇక ముగ్గురి సంగతి. ఒకాయన విని చెప్పాడు, ఒకరు స్కానర్ చూసి చెప్పారు, ఒకతను లక్షణాలను బట్టి చెప్పాడు. ముగ్గురిలో ఒక్కరు కూడా ఇంజన్‌ను కొలవలేదు. పేపరు దిద్దకుండానే ఒకరు 65, ఒకరు 110, ఒకరు 14 మార్కులు వేశారు. వాటిలో ఏది సరైనదని మీరు నన్నడుగుతున్నారు. దిద్దితే గానీ తెలియదు. అందుకే రేటు చూసి మనిషిని ఎంచుకోవద్దంటాను. తక్కువ చెప్పాడని కుర్రాణ్ణి నమ్మినా, ఎక్కువ చెప్పారు కాబట్టి బాగా చేస్తారని సర్వీస్ సెంటర్‌కు ఇచ్చినా, రెండూ చీకట్లో రాయి వేయడమే.

మీరు రాసిన లక్షణాలు చూస్తే నాకు ఓవర్‌హాల్, అంటే ఇంజన్ మొత్తం విప్పి చేసే పని అనిపించడం లేదు. రాత్రంతా నిలిపిన బండి పొద్దున్నే వణకడం, తెల్ల పొగ, కారకుండానే తగ్గే కూలెంట్, ఈ మూడూ కలిశాయంటే ఏదో ఒక సిలిండర్‌లోకి కూలెంట్ ఊరుతోందని అనుకోవాలి. హెడ్‌కూ కింది ఇంజన్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, లేదా హెడ్‌లో పగులు ఉండొచ్చు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగితే పొగ నీలంగా వస్తుంది, ఇంజన్ ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. ఆ రెండూ మీ ఉత్తరంలో లేవు. టైముకు ఆయిల్ మార్చిన పెట్రోల్ ఇంజన్‌కు లక్ష కిలోమీటర్ల లోపే రింగులు అరగడం అరుదు కూడా. అయితే ఘాట్‌లో కాగినప్పుడు రింగులకూ బోరుకూ (పిస్టన్ కదిలే సిలిండర్ గోడకు) దెబ్బ తగిలి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేం. ఉత్తరం చదివి నేను చెప్పేదీ అంచనానే, దాని మీద డబ్బు పెట్టకండి.

స్కానర్ గురించి ఒక ముక్క. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో దాన్ని పెడితే ఒక కోడ్ చూపిస్తుంది. మీ బండి వణుకుతోందంటే బహుశా పీ0300 వరుసలోని కోడ్ వచ్చి ఉంటుంది. పీ0301 అంటే మొదటి సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండడం లేదని. ఎందుకు మండడం లేదో మాత్రం కోడ్ చెప్పదు. ప్లగ్గు కావచ్చు, ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్, వాల్వ్, గ్యాస్కెట్ ఏదైనా కావచ్చు. హాఫ్ ఇంజన్ మార్చమని చెప్పే స్కానర్ ఇంకా పుట్టలేదు. కాబట్టి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి "ఏ కోడ్ వచ్చింది, హాఫ్ ఇంజన్ అనడానికి ఇంకేం పరీక్ష చేశారు" అని అడగండి. కోడ్ నంబరు వాట్సాప్‌లో పంపమనండి. అది మీ బండి సమాచారం, మీకు చెప్పాల్సిందే. ఇంకో సంగతి, కోడ్ చెరిపేసి లైటు ఆర్పి "సెట్ అయిపోయింది" అని బండి చేతికిచ్చేవాళ్లూ ఉన్నారు. కొన్నాళ్లకు ఆ లైటు మళ్లీ వెలుగుతుంది.

ఇప్పుడు మీరు చేయించాల్సింది రిపేరు కాదు, పరీక్ష. "ముందు చెక్ చేసి రిపోర్టు ఇవ్వండి, దానికయ్యే డబ్బు విడిగా ఇస్తాను, పని సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అని చెప్పండి. ఈ మాటకు ఎదుటివాళ్లు ఎలా స్పందిస్తారో చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. మంచి మెకానిక్‌కు ఇది నచ్చుతుంది, తన టైముకు విలువ ఇచ్చారని సంతోషిస్తాడు. "అవన్నీ ఎందుకు మేడమ్, విప్పితే తెలిసిపోతుంది కదా" అన్నాడంటే అక్కడ ఆపండి. ఇంజన్ ఒకసారి విప్పి బల్ల మీద పరిచాక బండి మీది అయినా బేరం మాత్రం ఆయన చేతిలోకి పోతుంది. ముక్కలుగా ఉన్న బండిని ఇంకో షెడ్డుకు తీసుకెళ్లలేరు, ఆయన చెప్పిందే రేటు.

పరీక్షలు ఎలా జరుగుతాయో కాస్త వివరంగా చెబుతాను, దగ్గరుండి చూడండి.

మొదటిది కూలింగ్ సిస్టం ప్రెజర్ టెస్ట్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, ఆ చోట చేతి పంపు, చిన్న గేజు ఉన్న పరికరం బిగిస్తారు. మూత మీద 0.9 అనో 1.1 అనో అచ్చు వేసి ఉంటుంది. అది ఒత్తిడి లెక్క, అన్ని బార్ల దాకా పంపు కొట్టి పావుగంట వదిలేస్తారు. ముల్లు కదలకుండా నిలబడితే సరే. మెల్లగా దిగిపోతూ, హోసుల దగ్గర గానీ వాటర్ పంపు దగ్గర గానీ ఎక్కడా తడి కనపడకపోతే కూలెంట్ లోపలికి దిగుతున్నట్టే. అప్పుడు మూడు స్పార్క్ ప్లగ్గులూ తీయించి వరుసగా పెట్టించి చూడండి. మామూలుగా ప్లగ్గు కొస లేత గోధుమరంగులో ఉంటుంది. కూలెంట్ పోతున్న సిలిండర్ ప్లగ్గు మాత్రం ఆవిరికి కడిగేసినట్టు తెల్లగా శుభ్రంగా ఉంటుంది, ఒక్కోసారి తడి కూడా తగులుతుంది. చూడ్డానికి మీకు ఏ ట్రైనింగూ అక్కర్లేదు, మూడింట్లో తేడా ఉన్నది ఏదో కంటికే తెలుస్తుంది.

కొన్ని షెడ్లలో నీలం రంగు ద్రవం పోసిన గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని రేడియేటర్ నోటి మీద పెట్టి ఇంజన్ ఆన్ చేస్తారు. సిలిండర్‌లో మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపులోకి తిరుగుతుంది. ఇది అందరి దగ్గరా ఉండదు, లేనంత మాత్రాన ఆ షెడ్డును తీసేయొద్దు.

రెండోది, మీ విషయంలో అసలైనది, కంప్రెషన్ టెస్ట్. ప్లగ్గులన్నీ తీసేసి, ఒక్కో రంధ్రంలో గేజు బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, స్టార్టర్ తిప్పుతారు. ముల్లు ఎంత దాకా లేస్తే అది ఆ సిలిండర్ లెక్క. పెట్రోల్ ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా 150 పీఎస్‌ఐ పైనే చూపిస్తుంది. మీ మోడల్‌కు ఎంత ఉండాలో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. అసలు అంకె కంటే ముఖ్యం, మూడింటి మధ్య తేడా. అది 10, 15 శాతం దాటకూడదు. ఒకటి బాగా తక్కువ వస్తే ఆ సిలిండర్‌లోనే జబ్బు. పక్కపక్కన ఉన్న రెండూ తక్కువ వస్తే ఆ రెంటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందులు మూస్తుంది. ముల్లు ఈసారి బాగా పైకి లేచిందంటే రింగులు, బోరు అరిగాయి. అప్పుడు మేస్త్రీ చెప్పిన ఇంజన్ పని నిజం. ఆయిల్ పోసినా ముల్లు అక్కడే ఆగిందంటే రింగులది తప్పు కాదు, పైన హెడ్‌లో, వాల్వుల్లో, గ్యాస్కెట్‌లో ఉంది. అంటే కింది ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. 65 వేల పనికీ 14 వేల పనికీ మధ్య తగవు తేల్చేది ఈ చెంచాడు ఆయిలే. ఇదంతా ఒక పూట పని. దీనికి ఎంత తీసుకున్నా ఓవర్‌హాల్ ఖర్చు ముందు అది చిన్న మొత్తం. ముగ్గురూ దీన్ని వదిలేసి వేల లెక్క చెప్పారంటే నాకు నిజంగా బాధగా ఉంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గ్యాస్కెట్ కూలెంట్ వైపు మాత్రమే పోతే కంప్రెషన్ మూడింట్లోనూ బాగానే రావచ్చు. అందుకే రెండు పరీక్షలూ చేయించమంటున్నాను. ఆయిల్ పోసే మూత తిప్పి దాని అడుగున చూడండి, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. రెండు చోట్లా ఆయిల్ టీ రంగులో చిక్కటి నురగలా ఉంటే ఆయిల్లో కూలెంట్ కలిసింది, ఇంజన్ అసలు స్టార్ట్ చేయొద్దు. మూత కింద మాత్రమే కొద్దిగా తెల్లగా ఉండి డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే అది మామూలు చెమ్మ కూడా కావచ్చు. దాన్ని చూపించి "చూశారా, ఇంజన్ పోయింది" అని ఎవరైనా అంటే కంగారు పడకండి.

పరీక్ష చేసే మనిషిని ఎక్కడ వెతకాలి? తిరుపతిలో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. రోజూ కొండెక్కి దిగే టాక్సీలు ఇక్కడ చాలా ఉంటాయి. అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి, అదీ నిండా మనుషులతో, ఏసీ వేసుకుని, తక్కువ స్పీడులో. ఎదురుగాలి తక్కువ, ఇంజన్ మీద బరువు ఎక్కువ. కూలింగ్‌లో ఏ చిన్న లోపం ఉన్నా ఆ ఘాట్‌లో బయటపడుతుంది. అలాంటి బండ్లను ఏళ్ల తరబడి నడిపించే మెకానిక్కులు ఈ ఊళ్లో ఉన్నారు, వాళ్లెవరో డ్రైవర్లకు తెలుసు. మదనపల్లె వైపు భాకరాపేట ఘాట్, బెంగళూరు దారిలో మొగిలి ఘాట్ తిరిగేవాళ్లకు కూడా తెలుసు.

అయితే ప్రశ్న అడగడంలోనే ఉంది సంగతి. "నా బండి ఎక్కడ చూపించాలన్నా?" అని అడిగితే కమీషన్ వచ్చే షెడ్డు పేరు చెప్పేవాళ్లు ఉండొచ్చు. "నీ బండి ఇంజన్ పని ఎక్కడ చేయించావన్నా? ఎన్నాళ్లయింది? మళ్లీ ఆ షెడ్డుకే పోవాల్సి వచ్చిందా?" అని అడగండి. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు ఇంట్లోకి డబ్బు రాదు కాబట్టి తన బండిని ఎవరికిస్తాడో అదే నిజమైన జవాబు. నలుగురైదుగురిని అడగండి, ఒకే పేరు రెండుమూడు సార్లు వినిపిస్తే అక్కడికి వెళ్లండి. టాక్సీల్లో డీజిల్ బండ్లు ఎక్కువ. మీది పెట్రోల్, అందుకని ఆ షెడ్డులో పెట్రోల్ ఇంజన్ హెడ్లు విప్పి చేస్తారో లేదో కనుక్కోండి. మీ స్టాఫ్ రూములో కూడా అడగండి. ఇదే మోడల్ బండికి ఇంజన్ పని చేయించి ఏడాది దాటినవాళ్లు ఒక్కరు దొరికినా చాలు. పని చేసిన నెలకు అందరి బండీ బాగానే ఉంటుంది.

షోరూమా, షెడ్డా అన్న గొడవలో నేను ఏ పక్కా లేను. కంపెనీ సర్వీస్ సెంటర్లో మాన్యువల్ ఉంటుంది, మీ మోడల్ మీదే ట్రైనింగ్ ఉన్నవాళ్లుంటారు, జాబ్ కార్డు, బిల్లు పక్కాగా ఉంటాయి. కానీ అక్కడ మీతో మాట్లాడే అడ్వైజర్ వేరు, లోపల పనిచేసే మెకానిక్ వేరు. పైగా పాడైన భాగాన్ని బాగుచేయడం కంటే మొత్తంగా కొత్తది వేయడం వాళ్లకు సులువు, హాఫ్ ఇంజన్ మాట అందుకే అంత త్వరగా వస్తుంది. షెడ్డులో చేసే మనిషితోనే నేరుగా మాట్లాడొచ్చు, హెడ్‌ను లేత్‌కు పంపి బాగుచేయిస్తాడు, ఖర్చు తగ్గుతుంది. అదే షెడ్డులో కొలతలు లేకుండా చేతి అంచనాతో బిగించేస్తే ఆ తగ్గిన డబ్బు మళ్లీ రెండింతలు పెట్టాల్సి వస్తుంది. రేణిగుంట రోడ్డులోని అద్దాల షోరూమైనా, ఆటోనగర్‌లో రేకుల షెడ్డయినా చూడాల్సింది ఒకటే, కొలిచి చూపిస్తున్నారా లేదా.

గ్యాస్కెట్ పని అని తేలిందనుకోండి. అప్పుడు ఆ 14 వేల కుర్రాణ్ణి అయినా, ఇంకెవరినైనా కొన్ని సంగతులు అడగాలి. హెడ్ విప్పాక వంగిందో లేదో ఎలా చూస్తారు? సరైన జవాబు, హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి కింద ఫీలర్ గేజు దూర్చి చూస్తాం అని. ఫీలర్ గేజు అంటే బ్లేడు లాంటి పలుచటి రేకుల కట్ట, ఒక్కో రేకు మందం దాని మీద రాసి ఉంటుంది. ఇలాంటి చిన్న ఇంజన్లకు 0.05 మిల్లీమీటర్ల దగ్గరే హద్దు ఉంటుంది. అంతకు మించి వంగితే లేత్‌లో ఫేసింగ్ చేయించాలి, అంటే ఆ ముఖాన్ని చదును చేయించాలి. పగులుందేమో అక్కడే ప్రెజర్ పెట్టించి చూడాలి. ఈ రెండూ చేయకుండా కొత్త గ్యాస్కెట్ వేసి బిగిస్తే కొన్నాళ్లకు మళ్లీ తెల్ల పొగే. ఆ 14 వేలల్లో ఫేసింగ్ ఉందా, లేత్ బిల్లు విడిగానా, కొత్త ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ కలిపేనా అని తప్పక అడగండి. చాలాసార్లు తక్కువ రేటంటే ఇవేవీ చేర్చని రేటే.

హెడ్ బోల్టుల గురించీ అడగండి. చాలా కొత్త ఇంజన్లలో అవి బిగించేటప్పుడు సాగేలా చేసినవి, ఒకసారి విప్పితే కొత్తవి వేయాలని మాన్యువల్‌లోనే ఉంటుంది. బిగించేది ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచ్‌తో, వరుస ప్రకారం, విడతలు విడతలుగా. "నా చేతికి తెలుస్తుంది మేడమ్" అనే జవాబు ఎంత అనుభవం ఉన్న మనిషి నుంచి వచ్చినా ఒప్పుకోకండి. అల్యూమినియం హెడ్ విషయంలో చేతి లెక్క చాలదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ప్రశ్న మాత్రం వాళ్లు మిమ్మల్ని అడగాల్సింది. అసలు బండి ఘాట్‌లో ఎందుకు కాగింది? గ్యాస్కెట్ సాధారణంగా ఊరికే పోదు, చాలాసార్లు ఏదో కారణంతో ఇంజన్ కాగితేనే పోతుంది. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదా, కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ వాల్వ్ మూసుకుపోయి ఉండిపోయిందా, వాటర్ పంపు అరిగిందా, రేడియేటర్ లోపల తుప్పు పట్టి పూడుకుపోయిందా? మూత కూడా కావచ్చు. అది సుమారు 1 బార్ ఒత్తిడి నిలిపి ఉంచడం వల్లే లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, దాదాపు 120 దాకా ఆగుతాయి. మూతలో రబ్బరు పోతే ఆ రక్షణ పోతుంది. కూలెంట్ బదులు ఎన్నాళ్లుగానో మామూలు కుళాయి నీళ్లు పోస్తున్నారా? మన వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రేడియేటర్‌లో పెచ్చు కడుతుంది. మీ ఉత్తరం ప్రకారం ముగ్గురిలో ఒక్కరూ ఈ ప్రశ్న వేసినట్టు లేదు. "ఎప్పుడు కాగింది, ఫ్యాన్ శబ్దం విన్నారా, ఏం నీళ్లు పోస్తున్నారు, కిందటి సర్వీస్ ఎప్పుడు" అని మిమ్మల్ని కూర్చోబెట్టి అడిగే మనిషి దొరికితే రేటు కొంచెం ఎక్కువైనా అతనికే ఇవ్వండి.

మామగారి విషయం. ఆయన నమ్మిన మేస్త్రీని తీసిపారేయనక్కర్లేదు. పాతకాలం మేస్త్రీల చెవి మామూలుది కాదు, ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పగలిగినవాళ్లను నేను చూశాను. "మామయ్యా, మీ మేస్త్రీ దగ్గరే చేయిద్దాం, విప్పే ముందు కంప్రెషన్ ఒక్కటి చూడమని మీరే చెప్పండి" అనండి. ఆయన పెద్దరికం ఆయనకుంటుంది, మీ పని మీకవుతుంది. మేస్త్రీ సరేనని కొలిచి చూపిస్తే బహుశా ఆయనే మీకు సరైన మనిషి. ఒప్పుకోకపోతే మామగారికే అనుమానం వస్తుంది, మీరు కాదనాల్సిన అవసరం రాదు.

మీరడిగితే మీ వారికి జవాబు చెబుతారని రాశారు. ఇది చదివి నాకు కోపం వచ్చింది. రోజూ బండి నడిపేది మీరు, ఆ వణుకు ఎప్పుడు మొదలై ఎంతసేపు ఉంటుందో తెలిసింది మీకు. మెకానిక్‌కు కావాల్సిన సమాచారం ఉన్నది మీ దగ్గరే. ఈసారి మీరొక్కరే వెళ్లండి, లేదా మీ వారిని బయట కూర్చోమనండి. పైన చెప్పిన లక్షణాలన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లి ఇవ్వండి. పొద్దున స్టార్ట్ చేసినప్పటి పొగ ఇదివరకే ఫోన్‌లో వీడియో తీసి ఉంటే అదీ చూపించండి. ఇంత చేశాక కూడా మీ మొహం చూసి మాట్లాడని చోట బండి పెట్టొద్దు. అడిగినవాళ్లకు జవాబు చెప్పని మనిషి రేపు గొడవ వస్తే అసలే చెప్పడు.

పని ఒప్పుకునే ముందు ఎస్టిమేట్ రాయించుకోండి. స్పేర్లు ఎంత, లేత్ ఎంత, లేబర్ ఎంత, ఆయిల్, కూలెంట్ ఎంత, విడివిడిగా. కిలోమీటర్ రీడింగ్ ఫోటో తీసుకోండి. "ఎస్టిమేట్‌లో లేనిది మార్చాలంటే ముందు నాకు ఫోన్ చేయండి" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, నోటి మాటకంటే అది గట్టిది. తీసేసిన పాత భాగాలు, కొత్తవాటి డబ్బాలు మీకివ్వమనండి. డబ్బా మీద ఎమ్మార్పీ, పార్ట్ నంబరు ఉంటాయి, బిల్లుతో సరిచూసుకోవచ్చు. అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే స్పేర్ల మేరకే ఇవ్వండి. చిన్న షెడ్డుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోవచ్చు, అది తప్పు కాదు. తేదీ, బండి నంబరు, చేసిన పని రాసి సంతకం పెట్టిన బిల్లు ఉండాలి. పనికి ఎన్ని నెలలు గ్యారంటీయో అదే బిల్లు మీద రాయించుకోండి.

మిగతా డబ్బు ఇచ్చే ముందు మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఏసీ వేసి అరగంట పైగా ట్రయల్ వేయండి. తర్వాత బండి నిలబెట్టి ఇంజన్ ఆన్‌లోనే ఉంచితే ఫ్యాన్ తనంతట తాను తిరిగి ఆగాలి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి, గాలి బయటికి పోయి మొదట్లో కాస్త తగ్గొచ్చు, ఆ తర్వాత తగ్గకూడదు. ఆయిల్లో కూలెంట్ కలిసి ఉంటే కొత్త ఆయిల్‌ను కూడా తక్కువ కిలోమీటర్లకే ఇంకోసారి మార్పించాలి. రెండు వారాలు పాకాలకు తిరిగి, మట్టం నిలబడిందని చూసుకున్నాకే కొండెక్కించండి.

చేయని పనికి బిల్లు వేసినా, అదే జబ్బు వెంటనే తిరగబెట్టి వాళ్లు పట్టించుకోకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు. పైన చెప్పిన కాగితాలు అప్పుడు అక్కరకొస్తాయి.

ఒకవేళ ఆయిల్ పోసి కొలిస్తే ముల్లు బాగా లేచి, రింగులే పోయాయని తేలితే వెంటనే ఓవర్‌హాల్‌కు ఒప్పుకోకండి. పదేళ్లు దాటిన బండికి అంత ఖర్చు పెట్టడం మంచిదా, ఇప్పుడున్న రేటుకు అమ్మేయడం మంచిదా అన్నది వేరే లెక్క. మూడు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు, ఆయిల్ పోయక ముందువీ పోశాకవీ, ప్లగ్గుల ఫోటోతో కలిపి నాకు పంపండి. చూసి దాని గురించి విడిగా రాస్తాను.